సీతాకోకచిలుకల ఫోటోలకు టెలీఫోటో లెన్సును, అనుబంధ పరికరాలను ఎంచుకోవడం ఎలా?

టెలీఫోటో లెన్సు పెట్టె మీద అన్నింటికంటే పెద్దగా అచ్చువేసే అంకె ఫోకల్ లెంగ్త్, అంటే దూరపు వస్తువును లెన్సు ఎంత పెద్దదిగా చూపుతుందో చెప్పే మి.మీ. కొలత. పక్షుల కోసం లెన్సు వెతికేవారు ఆ అంకెను బట్టి నిర్ణయం తీసుకున్నా పెద్ద నష్టం లేదు. సీతాకోకచిలుకల కోసం వెతికేవారు అదే పని చేస్తే ఇబ్బందిలో పడతారు. మూడు మీటర్ల దూరంలో పువ్వు మీద వాలిన సీతాకోకచిలుక ఫ్రేములో మరీ చిన్నదిగా కనిపిస్తుంది, పెద్దదిగా కనిపించాలని ముందుకు జరిగితే లెన్సు ఫోకస్ కావడమే మానేస్తుంది. అందువల్ల ఈ పనికి లెన్సును ఎంచుకునేటప్పుడు వివరాల పట్టికలో ఎక్కడో అడుగున ఉండే రెండు అంకెలను ముందుగా చూడాలి. ఒకటి కనిష్ఠ ఫోకస్ దూరం, అంటే లెన్సు స్పష్టంగా చూపగల అతి దగ్గరి దూరం, రెండోది గరిష్ఠ మాగ్నిఫికేషన్. ఫోకల్ లెంగ్త్, అపర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం; ఎఫ్/ పక్కనున్న అంకె పెరిగేకొద్దీ అది చిన్నదవుతుంది), బరువు, పేరు ప్రతిష్ఠలు అన్నీ వీటి తర్వాతివే.

మాగ్నిఫికేషన్ అంటే వస్తువు అసలు పరిమాణంతో పోలిస్తే కెమెరాలో బొమ్మను పట్టే సెన్సర్ మీద పడే దాని ప్రతిబింబం ఎంత ఉందన్న నిష్పత్తి. రెక్కలు విప్పితే 60 మి.మీ. వెడల్పుండే సీతాకోకచిలుకను 0.3 మాగ్నిఫికేషన్‌తో తీస్తే సెన్సర్ మీద 18 మి.మీ. ప్రతిబింబం పడుతుంది. 36 మి.మీ. వెడల్పున్న ఫుల్ ఫ్రేమ్ సెన్సర్‌లో అది సరిగ్గా సగం. సుమారు 23.5 మి.మీ. వెడల్పుండే ఏపీఎస్-సి సెన్సర్‌లో నాలుగింట మూడు వంతులు ఆక్రమిస్తుంది. 17.3 మి.మీ. ఉండే మైక్రో ఫోర్ థర్డ్స్ సెన్సర్‌లోనైతే రెక్కల కొసలు ఫ్రేము దాటిపోతాయి. అంటే మామూలు పరిమాణంలో ఉండే సీతాకోకచిలుకలకు 0.3 దాకా వెళ్లగలిగిన లెన్సు చాలు, పైగా చిన్న సెన్సర్ ఉన్న కెమెరా ఇక్కడ ఒక సౌకర్యమే. అయితే గడ్డిలో తిరిగే చిన్న నీలి రకాలు 25 మి.మీ. కూడా ఉండవు. వాటిని అదే లెన్సుతో తీస్తే ఫుల్ ఫ్రేమ్‌లో వెడల్పులో ఐదో వంతు మాత్రమే నిండుతుంది. అలాంటి వాటికి 0.5 దరిదాపుల్లోకి చేరే మార్గం ఏదో ఒకటి ఉండాలి. మీరు ఎక్కువగా తీసేవి ఏ పరిమాణపువో ముందే తేల్చుకుంటే సగం సందేహాలు తీరిపోతాయి.

ఈ దృష్టితో కొన్ని లెన్సులను పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. కెనాన్ ఈఎఫ్ 100-400 మి.మీ. లెన్సు 1998లో వచ్చినప్పుడు దాని కనిష్ఠ ఫోకస్ దూరం 1.8 మీటర్లు, మాగ్నిఫికేషన్ 0.20. 2014లో వచ్చిన రెండో రూపంలో ఆ దూరం 0.98 మీటర్లకు తగ్గి, మాగ్నిఫికేషన్ 0.31కి పెరిగింది. ఫోకల్ లెంగ్త్ మారలేదు, అపర్చర్ మారలేదు. అయినా సీతాకోకచిలుకలు తీసేవారికి అవి రెండూ వేర్వేరు లెన్సులే. సోనీ ఎఫ్ఈ 100-400 జీఎమ్ 0.35 దాకా, నికాన్ జడ్ 100-400 0.38 దాకా వెళ్తాయి. తేలికైన కెనాన్ ఆర్ఎఫ్ 100-400 ఎఫ్/5.6-8 లెన్సు, 635 గ్రాముల బరువుతోనే, 0.41 ఇస్తుంది. మరోవైపు పక్షుల కోసం ఎంతో మంది వాడే సోనీ 200-600, సిగ్మా 150-600 కాంటెంపరరీ లెన్సులు 0.2 దగ్గరే ఆగిపోతాయి. వాటిలో సోనీ లెన్సుకు కనీసం 2.4 మీటర్లు, సిగ్మా లెన్సుకు 2.8 మీటర్లు వెనక్కి ఉండాలి. ఇక 600 మి.మీ. ఎఫ్/4 లాంటి భారీ లెన్సులు నాలుగు మీటర్లకు లోపల ఉన్నదేదీ పట్టించుకోవు. చెరువు అవతలి గట్టు మీదున్న కొంగకు అవి సరైనవే గాని, కాలి దగ్గరి పొద మీద వాలిన సీతాకోకచిలుకకు కావు.

అలాగైతే దగ్గరి ఫోటోల కోసమే చేసిన మాక్రో లెన్సే కొనుక్కోవచ్చు కదా అన్న ప్రశ్న సహజం. 100 మి.మీ. మాక్రో లెన్సు 1.0 మాగ్నిఫికేషన్ ఇస్తుంది. అయితే ఆ స్థాయికి చేరాలంటే సెన్సర్ నుంచి 30 సెంటీమీటర్ల దూరానికి వెళ్లాలి, అందులో కెమెరా, లెన్సు పొడవులు పోగా లెన్సు అంచుకూ కీటకానికీ మధ్య మిగిలేది జానెడు కంటే తక్కువే. తెల్లవారుజామున చలికి కదలలేక కొమ్మను పట్టుకుని ఉన్న సీతాకోకచిలుక దగ్గర ఇది పనికొస్తుంది. ఎండెక్కి ఒళ్లు వేడెక్కాక అంత దగ్గరికి ఏదీ రానివ్వదు. దాని సంయుక్త నేత్రాలు దాదాపు అన్ని వైపులా చూడగలవు, వేగంగా జరిగే కదలికను, మీద పడే నీడను ఇట్టే పసిగడతాయి. మీటరు దూరంలో ఉండి పని జరుపుకోగలగడమే టెలీఫోటో లెన్సు ఇచ్చే అసలు లాభం. దానితో పాటు వచ్చే రెండో లాభం నేపథ్యం. ఒకే మాగ్నిఫికేషన్‌లో తీసినా, పొడవైన ఫోకల్ లెంగ్త్ వెనకనున్న దృశ్యంలోంచి చిన్న ముక్కనే ఫ్రేములోకి తెస్తుంది. అందువల్ల గడ్డిపరకలు, ఎండుకొమ్మలు అడ్డదిడ్డంగా కనిపించకుండా ఒకే రంగులో కలిసిపోతాయి, మీరు ఒక అడుగు పక్కకు జరిగితే నేపథ్యం మొత్తం మారిపోతుంది. మధ్యే మార్గంగా 150 నుంచి 200 మి.మీ. మాక్రో లెన్సులు ఉన్నాయి. పాత మోడళ్లు కొన్ని ఫోకస్ చేయడంలో నిదానిస్తాయి గాని, చిన్న రకాల మీదే ఆసక్తి ఉన్నవారికి నేను వాటినే సూచిస్తాను.

కనిష్ఠ ఫోకస్ దూరాన్ని అర్థం చేసుకోవడంలో ఒక మెలిక ఉంది. ఆ దూరాన్ని లెన్సు ముందంచు నుంచి కాక కెమెరాలోని సెన్సర్ నుంచి కొలుస్తారు. 0.98 మీటర్లు అన్నప్పుడు, జూమ్ చేసిన లెన్సు పొడవు తీసేస్తే ముప్పావు మీటరు కూడా మిగలదు, హుడ్ తగిలిస్తే ఇంకాస్త తగ్గుతుంది. పైగా నేటి లెన్సుల్లో ఎక్కువ భాగం లోపలి గాజు పలకలను జరిపి దగ్గరి ఫోకస్ సాధిస్తాయి. ఆ క్రమంలో ఫోకల్ లెంగ్త్ కుంచించుకుపోతుంది. దూరాన్నీ మాగ్నిఫికేషన్‌నూ బట్టి స్థూలంగా లెక్కవేస్తే, పైన చెప్పిన 100-400 రెండో రూపం మీటరు దూరంలో 400 మి.మీ. లెన్సులా కాక, 180 మి.మీ.కి కాస్త అటూ ఇటుగా ప్రవర్తిస్తుందని తేలుతుంది. ఇది లోపమేమీ కాదు. కాకపోతే 300 మి.మీ. సరిపోతుందా, 400 ఉండాలా అని తలలు బద్దలు కొట్టుకునేవారు దగ్గరి దూరంలో ఆ అంకెలకు అంత అర్థం లేదని గ్రహించడం మంచిది.

మరొక సంగతి కూడా ఉంది. జూమ్ లెన్సుల్లో కనిష్ఠ ఫోకస్ దూరం అన్ని ఫోకల్ లెంగ్త్‌ల దగ్గరా ఒకేలా ఉండాలని లేదు. ఇందాకటి కెనాన్ ఆర్ఎఫ్ 100-400 అన్నింటికంటే దగ్గరగా ఫోకస్ అయ్యేది 200 మి.మీ. దగ్గర. 400 దగ్గర దాని కనిష్ఠ దూరం పెరుగుతుంది. అందుకే వివరాల పట్టికలో ఆ అంకె పక్కన ఏ ఫోకల్ లెంగ్త్ రాసి ఉందో చూడాలి. జూమ్ లెన్సు మీద మాక్రో అన్న మాట ఉంటే దాన్ని కూడా కాస్త అనుమానంతోనే చూడాలి. ఉదాహరణకు టామ్రాన్ పాత 70-300 మాక్రో లెన్సు 180 నుంచి 300 మి.మీ. మధ్య మాత్రమే, అదీ ఒక మీటను నొక్కితేనే, 0.95 మీటర్ల దాకా దగ్గరికి వచ్చి 0.5 ఇస్తుంది. చవక లెన్సుగా అది చేసే పని తక్కువేమీ కాదు, తెల్ల రెక్కల అంచుల్లో ఊదారంగు చార కనిపించడాన్ని సర్దుకోగలిగితే.

పాత లెన్సు కొంటున్నా, కొత్తదాన్ని చేతికి తీసుకుని చూస్తున్నా, ఒక చిన్న పరీక్ష చేయండి. గోడకు మిల్లీమీటర్ల గీతలున్న స్కేలును అడ్డంగా అంటించి, లెన్సును మాన్యువల్ ఫోకస్‌లో పెట్టి రింగును దగ్గరి కొసకు పూర్తిగా తిప్పండి. ఇప్పుడు రింగు ముట్టుకోకుండా, గీతలు స్పష్టంగా కనిపించేవరకు కెమెరాతో పాటు మీరే ముందుకూ వెనక్కూ ఊగుతూ ఫోటో తీయండి. ఫ్రేము ఎడమ అంచు నుంచి కుడి అంచు దాకా ఎన్ని మిల్లీమీటర్లు పట్టాయో లెక్కపెట్టి, సెన్సర్ వెడల్పును ఆ సంఖ్యతో భాగిస్తే అసలు మాగ్నిఫికేషన్ వస్తుంది. ఫుల్ ఫ్రేమ్‌లో 116 మి.మీ. పడితే అది 0.31, 180 మి.మీ. పడితే 0.2. అదే ఫోటోను పెద్దది చేసి అంచుల్లోని గీతలను కూడా చూడండి. దూరంలో ఎంతో పదునుగా ఉండే కొన్ని లెన్సులు దగ్గరి కొసలో పూర్తిగా తెరిచిన అపర్చర్ దగ్గర మెత్తబడతాయి, ఒక స్టాప్ (వెలుతురు సగమయ్యేంత) మూస్తే కోలుకుంటాయి. ఒక స్టాప్ మూసినా కోలుకోని లెన్సును ఈ పనికి తీసుకోకపోవడమే మంచిది.

ఆటోఫోకస్ వాడే ముందు లెన్సు పక్కన ఉండే ఫోకస్ లిమిటర్ మీటను తప్పక చూడాలి. ఆ మీట 3 మీటర్ల నుంచి అనంతం అన్న స్థానంలో ఉంటే, దగ్గరున్న సీతాకోకచిలుక కోసం ఆటోఫోకస్ వెతకనే వెతకదు. లెన్సు చెడిపోయిందనే అనిపిస్తుంది. సీతాకోకచిలుకల కోసం బయల్దేరినప్పుడు దాన్ని పూర్తి పరిధి స్థానంలో పెట్టి, వేలికి తగిలి జరిగే రకమైతే చిన్న టేపు ముక్క అంటించడం మేలు.

అపర్చర్ విషయంలో ఎక్కువమంది అవసరానికి మించి ఖర్చు చేస్తారని నా అభిప్రాయం. ఎఫ్/2.8 లెన్సు చీకటి అడవిలో జంతువులకు విలువైనదే గాని, ఇక్కడ దాన్ని ఎఫ్/2.8 దగ్గర వాడే సందర్భాలు అరుదు. ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో 0.3 మాగ్నిఫికేషన్‌తో ఎఫ్/8 దగ్గర తీస్తే స్పష్టంగా వచ్చే మందం సుమారు 7 మి.మీ. మాత్రమే. అదే 0.5 మాగ్నిఫికేషన్‌లో 3 మి.మీ.కి పడిపోతుంది. రెక్కలు ముడిచి కూర్చున్న సీతాకోకచిలుకకు పక్కనుంచి, సెన్సర్ రెక్కల తలానికి సమాంతరంగా ఉండేలా నిలబడితే ఈ కొద్దిపాటి మందంలోనే కన్ను, మీసకట్టు నుంచి వెనక రెక్క తోక దాకా అన్నీ ఇముడుతాయి. కెమెరాను పది డిగ్రీలు పక్కకు తిప్పితే చాలు, కన్ను స్పష్టంగా ఉండి రెక్క చివర మసకబారుతుంది. కాబట్టి ఎఫ్/8 నుంచి ఎఫ్/11 మధ్య మంచి ఫలితమిచ్చే ఎఫ్/4 లేదా ఎఫ్/5.6 లెన్సు సరిపోతుంది. ఎఫ్/16, ఎఫ్/22 దాకా మూస్తే మందం పెరిగినా సన్నటి రంధ్రం గుండా వెలుతురు చెదరడం (డిఫ్రాక్షన్) వల్ల రెక్కల మీది పొలుసుల పదును పోతుంది. తక్కువ అపర్చర్ లెన్సు వల్ల కలిసొచ్చే బరువు కూడా తక్కువ కాదు. ఫ్రెనెల్ పలక వాడిన నికాన్ 300 మి.మీ. ఎఫ్/4ఈ పీఎఫ్ లెన్సు బరువు 755 గ్రాములే. మోకాళ్ల మీద వంగి, చేతులు ముందుకు చాచి, కీటకం రెక్క విప్పేదాకా నిలకడగా ఉండాల్సిన పనిలో ఆ తేలికదనం విలువ తెలుస్తుంది.

ఉన్న లెన్సు దగ్గరికి రానప్పుడు దారి మూడు రకాలు. మూడూ ఒకటే పని చేస్తాయనుకోవడం పొరపాటు.

మొదటిది ఎక్స్‌టెన్షన్ ట్యూబు. ఇందులో గాజు ఉండదు. కెమెరాకూ లెన్సుకూ మధ్య దూరాన్ని పెంచే బోలు గొట్టం మాత్రమే. దీనివల్ల పెరిగే మాగ్నిఫికేషన్ స్థూలంగా ట్యూబు పొడవును ఫోకల్ లెంగ్త్‌తో భాగించినంత. 36 మి.మీ. ట్యూబును 100 మి.మీ. లెన్సుకు తగిలిస్తే 0.36 పెరుగుతుంది, 300 మి.మీ. లెన్సుకు తగిలిస్తే 0.12 మాత్రమే పెరుగుతుంది. 0.24 ఇచ్చే 300 మి.మీ. ఎఫ్/4 లెన్సును అది 0.36కి చేరుస్తుంది. చిన్నగా కనిపించినా సగానికి సగం పెరిగినట్టే. దానికి బదులుగా దూరపు ఫోకస్ పోతుంది, 300 మి.మీ. లెన్సుకు ఈ ట్యూబు ఉన్నంతసేపు సుమారు మూడు మీటర్లు దాటినదేదీ ఫోకస్ కాదు. కొంత వెలుతురూ తగ్గుతుంది. ఆటోఫోకస్, అపర్చర్ సంకేతాలు దాటించే విద్యుత్ స్పర్శలున్న ట్యూబులనే కొనాలి. అవి లేని చవక గొట్టాలతో ఎలక్ట్రానిక్ లెన్సుల్లో అపర్చర్‌ను మార్చడమే కుదరదు. బరువైన లెన్సు వేలాడేటప్పుడు మౌంటు దగ్గర కదలిక లేనంత గట్టిగా ఉందో లేదో కూడా చూసుకోవాలి.

రెండోది కెమెరాకూ లెన్సుకూ మధ్య పెట్టే గాజు పరికరం, 1.4 రెట్ల టెలీకన్వర్టర్. ఇది కనిష్ఠ ఫోకస్ దూరాన్ని మార్చకుండా ప్రతిబింబాన్ని 1.4 రెట్లు చేస్తుంది. 0.31 ఇచ్చే లెన్సు అదే 0.98 మీటర్ల నుంచి 0.43 ఇస్తుంది. కీటకానికి దగ్గరగా జరగకుండా పెద్దది చేసే దారి కావడం, దూరపు ఫోకస్ చెక్కుచెదరకపోవడం దీని గొప్పదనం. ఒక స్టాప్ వెలుతురు మాత్రం ఖర్చవుతుంది, అంటే ఎఫ్/5.6 లెన్సు ఎఫ్/8 అవుతుంది. ఈ పనికి ఎలాగూ ఎఫ్/8 వాడతాం కాబట్టి అది పెద్ద బాధ కాదు. రెండు రెట్ల కన్వర్టర్ దగ్గరికి వచ్చేసరికి అదే లెన్సు ఎఫ్/11కి దిగజారుతుంది, డీఎస్ఎల్ఆర్ కెమెరాల్లో ఆటోఫోకస్ తడబడుతుంది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది. కన్వర్టర్లన్నీ అన్ని లెన్సులకూ పట్టవు. కొన్నింటి ముందు గాజు బయటికి పొడుచుకు వచ్చి లెన్సు వెనక గాజుకు తగులుతుంది. కెనాన్ ఆర్ఎఫ్ 100-500 లెన్సు కన్వర్టర్ ఉన్నప్పుడు 300 మి.మీ.కి కిందికి జూమ్ కాదు. కంపెనీ ఇచ్చిన జాబితా చూడకుండా కొనకూడదు.

మూడోది, నా దృష్టిలో అందరూ చిన్నచూపు చూసేది, లెన్సు ముందు మర తిప్పి బిగించే క్లోజప్ లెన్సు. ఒకే గాజు పలకతో చేసిన చవక రకాలు అంచుల్లో రంగులు చిమ్ముతాయి, వాటి వల్లే దీనికి చెడ్డపేరు వచ్చింది. రెండు పలకలు అతికించి చేసిన అక్రోమాట్ రకం తీసుకుంటే ఫలితం వేరు. కెనాన్ 500డి అలాంటిదే. దాని శక్తి 2 డయాప్టర్లు, అంటే ఫోకల్ లెంగ్త్ 500 మి.మీ. 300 మి.మీ. లెన్సును అనంతంలో పెట్టి దీన్ని బిగిస్తే 300ను 500తో భాగించినట్టు 0.6 మాగ్నిఫికేషన్ వస్తుంది, కీటకానికీ క్లోజప్ లెన్సుకూ మధ్య అర మీటరు ఎడం ఉంటుంది. ఎక్స్‌టెన్షన్ ట్యూబుకు భిన్నంగా దీని బలం లెన్సు పొడవుతో పాటే పెరుగుతుంది, అందుకే టెలీఫోటోకు ఇది సహజమైన జోడీ. వెలుతురు తగ్గదు, కెమెరా నోరు తెరవక్కర్లేదు కనుక సెన్సర్ మీద దుమ్ము పడదు, మర కొలత కుదిరితే ఏ కంపెనీ లెన్సుకైనా పనిచేస్తుంది. పైన చెప్పిన 300 మి.మీ. ఎఫ్/4 లెన్సులకూ 100-400 రెండో రూపానికీ ఆ కొలత 77 మి.మీ. దీని పరిమితి ఒక్కటే. అర మీటరు దాటినదేదీ ఫోకస్‌లోకి రాదు. పెద్ద సీతాకోకచిలుక ఎగిరిపోయి రెండు మీటర్ల అవతల వాలితే మర విప్పాల్సిందే. రేనాక్స్ 150 లాంటి 4.8 డయాప్టర్ల రకాలు ఇంకా బలమైనవి గాని, అవి సుమారు 20 సెంటీమీటర్ల దగ్గరికి లాగేస్తాయి. గుడ్లకు, గొంగళిపురుగులకు బాగుంటాయి.

ఆసరా విషయానికొస్తే, ట్రైపాడ్ కంటే ఒంటికాలి మోనోపాడ్‌కే నా ఓటు. పొదల మధ్య మూడు కాళ్లు సర్దేలోపు ఏదో ఒక కాలు సీతాకోకచిలుక కూర్చున్న కొమ్మకే తగులుతుంది. మోనోపాడ్ కెమెరా బరువును మోస్తుంది, ముందుకు వెనక్కు ఊగి ఫోకస్ సరిచేసుకునే స్వేచ్ఛనూ మిగులుస్తుంది. లెన్సుకు కాలర్ (ఆసరాకు బిగించే పట్టీ) ఉంటే మోనోపాడ్‌ను దానికే బిగించాలి, కెమెరా అడుగుకు కాదు. తడి మట్టి మీద గుంపుగా చేరి నీరు పీల్చే వాటిని తీయాలంటే నేలమట్టానికి దిగక తప్పదు. అప్పుడు గింజలు నింపిన చిన్న సంచి, మోకాలి కవచాలు, పైకి మడిచే తెర ఉన్న కెమెరా ఏ ట్రైపాడ్ కంటే మేలు.

లెన్సులోని స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిచేసే ఏర్పాటు) మీద అతిగా ఆధారపడకూడదు. దగ్గరి దూరంలో చేతి వణుకు వల్ల కెమెరా పక్కకు, పైకి జరిగే కదలిక ఎక్కువ ప్రభావం చూపుతుంది, మామూలు స్టెబిలైజర్ ప్రధానంగా కోణపు ఊపును సరిచేస్తుంది. పక్కకు, పైకి జరిగే ఆ కదలికను కూడా సరిదిద్దేలా రూపొందించి కెనాన్ 2009లో తెచ్చిన 100 మి.మీ. మాక్రోలో కూడా, మామూలు దూరంలో నాలుగు స్టాప్‌లుగా చెప్పిన ప్రయోజనం 1.0 మాగ్నిఫికేషన్ దగ్గర రెండు స్టాప్‌లేనని ఆ కంపెనీయే ప్రకటించింది. గాలికి ఊగే పువ్వును ఏ స్టెబిలైజరూ ఆపలేదు. వాలి ఉన్నదానికి సెకనులో 500వ వంతు, తేనె తాగుతూ రెక్కలాడించేదానికి 1000వ వంతు, ఎగిరేదానికి 2000వ వంతు లేదా అంతకంటే వేగం పెట్టుకుని, అందుకు కావలసిన ఐఎస్ఓను (వెలుతురుకు సెన్సర్ స్పందించే స్థాయిని) పెరగనివ్వడమే సరైన పద్ధతి.

ఫ్లాష్ కావాలా అంటే, నీడలో ఉన్న ముదురు రంగు రెక్కల్లో వివరాలు చూపడానికి వెలుతురును మెత్తబరిచే డిఫ్యూజర్ తగిలించిన చిన్న ఫ్లాష్‌ను ఒకటిన్నర స్టాప్ తగ్గించి వాడవచ్చు. ఎక్కువ కెమెరాల్లో మామూలు ఫ్లాష్ సెకనులో 200 లేదా 250వ వంతు దాటి పనిచేయదు కనుక అంతకంటే వేగంలోనూ పనిచేసే హై స్పీడ్ సింక్ ఉన్నది చూసుకోవాలి. పోలరైజర్ ఫిల్టర్ ఆకుల మీది తెల్లని మెరుపును తగ్గిస్తుంది గాని, దాదాపు రెండు స్టాప్‌ల వెలుతురు మింగేస్తుంది, లోహంలా మెరిసే నీలి రెక్కల రంగును కూడా మార్చవచ్చు. దాన్ని పక్కన పెట్టేయవచ్చు. మాక్రో దుకాణాల్లో ఆకర్షణీయంగా కనిపించే, కెమెరాను కొద్దికొద్దిగా జరిపే ఫోకసింగ్ రైలు కదలని వస్తువులకు ఉద్దేశించినది, సీతాకోకచిలుక దగ్గర దాని మర తిప్పే వ్యవధి దొరకదు. లెన్సు అంచుకు తగిలించే రింగ్ ఫ్లాష్ జానెడు దూరానికి తయారైనది, మీటరు దూరంలో అది మామూలు చిన్న ఫ్లాష్‌లాగే గట్టి వెలుతురు కొడుతుంది. భారీ లెన్సుల కోసం చేసిన ట్రైపాడ్ తల అయిన గింబల్ హెడ్ కిలోన్నర లోపు బరువున్న లెన్సుకు అనవసరం. వీటి మీద పెట్టే డబ్బును మిగుల్చుకుని, మీ లెన్సు మరకు సరిపోయే అక్రోమాట్‌ను గాని, మీ లెన్సుకు పట్టే 1.4 కన్వర్టర్‌ను గాని తీసుకోండి. చిన్న రకాలు ఎక్కువగా తీసేవారు మొదటిదానితో, పెద్దవి, బెదురు ఎక్కువ ఉన్నవి తీసేవారు రెండోదానితో మొదలుపెట్టాలి.